గుండె మీద మామిడిపిందె

బందరులో అచ్చులు చెక్కే రహంతుల్లా ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పేవారు కాదు. "ఇలా తిన్నగా నడవండి, టిక్కుటిక్కుమని ఎక్కడ వినపడితే అదే" అనేవారు. ఎండ వరండా మెట్టు ఎక్కే వేళకి మొదలై, నమాజు వేళల్లో ఆగి, దీపాలు పెట్టేసరికి సద్దుమణిగే చప్పుడు అది. టేకు చెక్క మీద ఉలి, ఉలి మీద చిన్న కొయ్య సుత్తి. పెడన అద్దకం వాళ్ళు దుప్పట్ల మీద వేసే తీగల్లో, పువ్వుల్లో, మామిడిపిందెల్లో సగం ఆ వరండాలోనే పుట్టాయి. నలభై ఏళ్ళు వినపడిన ఆ చప్పుడు డెబ్బైతొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో తగ్గుతూ వచ్చింది. ముందు రహంతుల్లా గొంతు బొంగురుపోయింది. తరవాత దగ్గు పట్టుకుంది. ఆ తరవాత ఉలి పట్టిన చెయ్యి వణకడం మొదలైంది.

కూతురు ఆబిదాకి పదిహేడేళ్ళు. ఉప్పెన వచ్చిన ఏడు తల్లి నాగూర్ బీ దివిసీమలో పుట్టింటికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ వారమే ఆబిదా బడి ఆగిపోయింది. తొమ్మిదో క్లాసు పుస్తకాలు అటకెక్కాయి, వంటిల్లు చేతికొచ్చింది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే తలుపు వెనక్కి వెళ్ళిపోయే పిల్ల. తలుపు సందులోంచి మాత్రం అన్నీ చూసేది. తండ్రి అచ్చులు ఇచ్చి రావడానికి పెడన వెళ్ళిన రోజుల్లో, పనికిరాని ముక్క మీద ఒక ఆకో మొగ్గో చెక్కి, ఆయన వచ్చేలోపు పొయ్యిలో పెట్టేసేది. ఉలి మొన చూసి రహంతుల్లాకి తెలిసిపోయేది. దాన్ని మళ్ళీ నూరి, తీసిన చోటే పెట్టేవాడు.

అచ్చు పనిలో మొదటి పాఠం ఆ పిల్లకి ఎవరూ చెప్పకుండానే వచ్చింది. గుడ్డ మీద కుడికి తిరగాల్సిన తీగ చెక్క మీద ఎడమకి తిరగాలి. అందుకే గీసిన పల్చటి కాయితాన్ని బోర్లించి, సుద్ద పూసిన చెక్కకి అంటిస్తారు. వెనకనుంచి కనిపించే గీత వెంట ఉలి నడుస్తుంది. పని అయ్యేసరికి కాయితం పొట్టుతో పాటు రాలిపోతుంది.

ఆ వరండాలోకి ఏడాదిన్నర కిందట ఇంకో రకం పని వచ్చింది. గుడివాడ దాటాక కాలవ పక్కన మిషన్ వాళ్ళ ఆసుపత్రి ఒకటుంది. అక్కడ క్యాన్సరు రోగులకి కోబాల్టు యంత్రంతో వైద్యం చేస్తారు. ఊళ్ళో జనం దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆ యంత్రానికి కిరణాల లెక్కలు కట్టే అచ్యుతరావు ఒకనాడు సైకిల్ రిక్షాలో వెతుక్కుంటూ వచ్చాడు. బొంబాయిలో చదువుకొచ్చిన మనిషి, చొక్కా జేబు నిండా పెన్సిళ్ళు.

"అందరికీ ఒకటే చదరపు కిటికీ పెట్టి కిరణాలు కొడుతున్నామండీ రహంతుల్లా గారూ" అన్నాడు బల్ల మీద కూర్చుంటూనే. "రోగమేమో ఎవరికీ చదరంగా రాదు. గడ్డతో పాటు పక్కనున్న మంచి ఒళ్ళు కూడా మాడుతోంది. మనిషి మనిషికీ ఎక్స్‌రే తీసి, గడ్డ ఎలా ఉందో గీసిస్తాను. ఆ ఆకారానికి మీరు చెక్క ముక్క చెక్కివ్వాలి. వేడినీళ్ళకే కరిగే సీసం ఒకటి ఉంది. మీ చెక్క చుట్టూ ఆ సీసం పోసి, గట్టిపడ్డాక చెక్క లాగేస్తే కంత మిగులుతుంది. ఆ కంతలోంచి పోయిన కిరణాలే మనిషికి తగుల్తాయి. మిగతావి సీసం ఆపేస్తుంది."

"ఎవరి చొక్కా వాళ్ళకి కుట్టినట్టు" అన్నాడు రహంతుల్లా.

"అదే. కాకపోతే ఒకరిది ఇంకొకరికి వేస్తే ప్రాణం పోతుంది."

అప్పటినించి నెలకి మూడో నాలుగో కాయితాలు వచ్చేవి. ఒకటి జామకాయలా, ఒకటి చెప్పులా, ఒకటి ఏ ఆకారమూ కాకుండా. పైన సన్నం, కింద వెడల్పుగా చెక్కాలి వాటిని, లాంతరు వెలుతురు కిందికి పోయేకొద్దీ విచ్చుకున్నట్టు. అచ్యుతరావు దగ్గర పొడుగాటి నోటుపుస్తకం ఒకటుండేది. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. పైన బొమ్మ, కింద ఎన్నాళ్ళు కరెంటు పెట్టారు, గడ్డ ఎంత కరిగింది, మనిషి ఎలా ఉన్నాడు. ఆసుపత్రి పని రహంతుల్లా ఎప్పుడూ వీధివైపు తిరిగి, వచ్చేపోయే మగవాళ్ళ మధ్యే చేసేవాడు. తలుపు సందులోంచి ఆబిదాకి ఆయన వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు.

ఆ పుస్తకంలోకి రహంతుల్లా పేజీ కూడా ఎక్కుతుందని ఎవరూ అనుకోలేదు.

ఎక్స్‌రే తీసిన రోజు ఆబిదా తోడు వెళ్ళింది. వెలిగే పెట్టె మీద ఫిల్ము పెట్టి అచ్యుతరావు పెన్సిలుతో చూపించాడు. ఆబిదా గది గుమ్మం దగ్గర, ముసుగు అంచు పళ్ళమధ్య పట్టుకుని నిలబడింది.

"దాచను రహంతుల్లా గారూ. ఇదిగో, గడ్డ. దీని పొట్ట రొమ్ము నడిమధ్య ఉంది. తోక గుండె వైపు వంగింది. ఈ ఆకారం మీకు నేను చెప్పక్కర్లేదు."

"మామిడిపిందె" అన్నాడు రహంతుల్లా, గొంతులో గాలి తప్ప ఏమీ లేకుండా.

"మామిడిపిందే. తోకే ముఖ్యం. మీ గొంతు నరాన్ని నొక్కుతున్నది అదే."

యంత్రం నడిపే కోటిలింగం పక్కనుంచి అందుకున్నాడు. "ఊరందరికీ చెక్కారు మావయ్యా. ఇప్పుడు మీ కొలత మీరే తీసుకుంటున్నారు."

"సొంత పని కదరా, నగిషీ కాస్త ఎక్కువ పెట్టుకుంటాలే" అన్నాడు రహంతుల్లా. నవ్వబోతే దగ్గొచ్చింది.

కాయితం ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ రోజు సోమవారం. గురువారం పొద్దున్నకి చెక్క గుడివాడ చేరాలి. మంగళవారం ఒక ముక్క చీలిపోయింది. గీతని ఇంకో రెండు కాయితాల మీదికి ఎక్కించుకుని బుధవారం పొద్దున్నే ఇంకో ముక్క పట్టాడు. సుత్తి జారి ఉలి తోక మెడ దగ్గర దిగింది. ఆ ముక్కని వరండా చివరికి విసిరేసి, లోపలికి వచ్చి చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

ఆబిదా చాలాసేపు చూసింది. వరండాలోంచి సామాను లోపలికి తెచ్చుకుని, వీధి తలుపు గడియ పెట్టింది. టేకు ముక్కకి సుద్ద పూసింది. మిగిలిన కాయితాన్ని, నాన్న వేలసార్లు చేయగా చూసినట్టే, బోర్లించి అంటించింది. మామిడిపిందె తన చేతికి తెలిసిన ఆకారం. పొయ్యిలో ఎన్నిటిని కాల్చిందో లెక్కలేదు. ఆసుపత్రికి పోయే ముక్కలు సంచిలో సర్దేది తనే గనక, అంచు కిందికి విచ్చుకోవాలనీ తెలుసు. సాయంత్రపు అసర్ అజాన్ వినపడే వేళకి పని అయిపోయింది.

రహంతుల్లా లేచి, కూతురు తెచ్చి ఒళ్ళో పెట్టిన ముక్కని కళ్ళతో కాదు, బొటనవేలితో చూశాడు. అంచు వెంట వేలు నడిపాడు. తోక చివర ఆగాడు. పోల్చి చూసుకోడానికి కాయితం లేదు, పొట్టులో కలిసిపోయింది.

"ఉలి ఎక్కడా వాలలేదు" అన్నాడు. ఆయన నోట ఆబిదా విన్న మెప్పు అదొక్కటే. ముక్కని తువ్వాలులో చుడుతూ, "అక్కడ మాత్రం నేనే చెక్కానని చెప్తాను. నువ్వేమీ మాట్లాడకు" అన్నాడు.

ఇరవై అయిదు రోజుల కరెంటు అన్నారు. ఆదివారాలు తప్ప రోజూ పొద్దున్న ప్యాసింజర్ బండి ఎక్కి గుడివాడ వెళ్ళడం, మధ్యాహ్నం బండికి రావడం. మొదటిరోజు అచ్యుతరావు హైదరాబాదు వెళ్ళి ఊళ్ళో లేడు. కోటిలింగమే సీసపు పలక బిగించి, కంతలోంచి రొమ్ము మీద పడ్డ వెలుతురు అంచు వెంట ఊదారంగు మందుతో గీత గీశాడు. రోజూ అదే చోట పడాలి గనక గీత చెరగకూడదన్నాడు. సరి చూడటానికి ఫిల్ము ఒకటి తీసి కవర్లో పెట్టాడు.

గీత గీసిన నాటినుంచి రహంతుల్లా ఇంట్లో బనీను విప్పడం మానేశాడు. వడగాలికి ఇల్లు కొలిమిలా ఉన్నా విప్పడు. పక్కింట్లో ఉండే ఆయన చెల్లెలు ఆమినా బీ గోడమీదనుంచి సాధించేది.

"ఏమే ఆబిదా, ఈ ఉక్కలో మీ నాన్నకి ఆ బనీనేమిటే? కొత్త పెళ్ళికొడుకులా ఆ సిగ్గేమిటి ఆ ముసలాడికి?"

"గీత చెరుగుతుందటత్తా."

"చెరగదులే. ఆసుపత్రి వాళ్ళ గీతలు అంత తేలిగ్గా చెరుగుతాయా?"

గొంతు బాగుపడుతుందని ఆబిదా రోజూ చెవి పెట్టి వినేది. పడలేదు. ఇంకా సన్నగిల్లింది. పదకొండో రోజు ఇంటికొచ్చి, గంజి తాగుతూనే కక్కుకున్నాడు. బనీనంతా తడిసింది. చెయ్యి అడ్డం పెట్టే ఓపిక కూడా లేదు. ఆబిదా బనీను తలమీదుగా తీసి, తడిగుడ్డ పట్టుకుని ముందుకి వంగింది.

వంగిన మనిషి అలాగే ఉండిపోయింది.

ఎముకలు తేలిన రొమ్ము మీద ఊదారంగులో మామిడిపిందె. గుడ్డ మీద అద్దినంత చక్కగా ఉంది. తోక గుండె వైపు లేదు. కుడి చంక వైపు వంగి ఉంది.

గుమ్మంలో నిలబడి విన్న మాట చెవిలో మళ్ళీ వినపడింది. తోకే ముఖ్యం. బోర్లించి అంటించిన కాయితం కళ్ళముందుకొచ్చింది. ఆబిదా తడిగుడ్డ కింద పెట్టేసింది.

"నాన్నా. ఇది ఎప్పుడు చూశావు?"

"మొదటిరోజే" అన్నాడు.

"చెప్పలేదేం?"

"నేను కూడా మొదటిసారి అదే చేశానే. గూడూరు రైతు ఒకడికి, మెడ మీద. బోర్లించే అంటించాను. అచ్యుతరావు గారు చూసి నవ్వి, ఇది గుడ్డ కాదండీ, అద్దే పని లేదు, వెలుతురు పైనుంచి తిన్నగా దిగుతుంది, కాయితం ఉన్నదున్నట్టు అంటించండి అన్నారు. అప్పటినుంచి అలాగే చేస్తున్నాను. నీకు చెప్పాలి. చెప్పలేదు. ఆడపిల్ల ఉలి పట్టుకుంటుందా, చెప్పేదేముంది అనుకున్నాను."

"అది కాదు. ఇన్ని రోజులు అక్కడ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎవరు చెక్కారని అడుగుతారు. నేనని చెప్పి ఉన్నాను." ఊపిరి తీసుకున్నాడు. "నేను పోయాక ఆయన ఈ పని నీకిస్తాడని నా ఆశ. మొదటి ముక్కే ఇలా అయిందని తెలిస్తే ఇవ్వడు. నాకిక ఎటు తిరిగితే ఏమిటే తోక? నువ్వు ఊరుకో. నా మాట విను."

"ఇంకా పధ్నాలుగు రోజులున్నాయి నాన్నా."

"ఊరుకోమంటున్నానా!" అన్నాడు. ఆ కేకలో కేక లేదు, గాలి ఒక్కటే వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ బండి ఎక్కారు. పెడనలో అద్దకం వాళ్ళెవరో ఎక్కి, "ఏం ఉస్తాదుగారూ, మా అచ్చులు ఎప్పటికిస్తారు?" అని పలకరిస్తే రహంతుల్లా చెయ్యి ఊపి ఊరుకున్నాడు. ఆబిదా సంచిలో నాలుగు ఉలులు, సుత్తి, సుద్ద పూసిన టేకు ముక్క ఒకటి ఉన్నాయి. ఆయన సంచి బరువు చూశాడు.

ఆసుపత్రిలో ఆయన్ని బల్లమీద కూర్చోబెట్టి, ఆబిదా అచ్యుతరావు గది దాకా నడిచింది. గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. లోపల ఆయన ఏదో రాసుకుంటున్నాడు. పరాయి మగవాడితో ముందుగా నోరు విప్పి ఎరుగదు. ఏమని పిలవాలో కూడా తెలియలేదు. వెనక బల్లమీదినుంచి దగ్గు వినపడింది. ఆబిదా గుమ్మం దాటింది.

"అయ్యగారూ, మా నాన్న రొమ్ము మీద తోక అటు తిరిగి ఉందండి. ఇటు ఉండాలి."

ఆయన తలెత్తి ముందు అర్థం కానట్టు చూశాడు. తరవాత ఒక్క ఊపున లేచి కవరు తీశాడు. సరి చూడటానికి తీసిన ఫిల్ముని వెలిగే పెట్టె మీద పెట్టాడు. తోక ఇటు. తీసి తిప్పి పెట్టాడు. తోక అటు. కుడి ఎడమలు తెలియడానికి ఫిల్ము మూల సీసపు అక్షరం ఒకటి పెట్టి తీయాలి. మూలన ఏ అక్షరమూ లేదు.

"కోటిలింగం!" అని పిలవబోయి ఆగిపోయాడు. కుర్చీలో కూలబడ్డాడు. "వాణ్ణి అనేదేముంది. ఊరినుంచి వచ్చి ఈ ఫిల్ము నేను చూశాను. అక్షరం లేదని గమనించాను కూడా. బొమ్మతో కుదరలేదు. తిప్పి చూస్తే కుదిరింది. రహంతుల్లా చెయ్యి తప్పదు, నేనే ఫిల్ము తిరగేసి పట్టుకున్నాను అనుకున్నాను. లేచి వెళ్ళి మనిషిని చూడలేదు."

"అది నాన్న చెయ్యి కాదండి" అంది ఆబిదా. "నాదండి. బోర్లించి అంటించాను."

ఆయన ఆ పిల్లవైపు, సంచివైపు చూశాడు. తిట్టలేదు. "ఇక్కడే చెక్కగలవా, ఇప్పుడు?" అన్నాడు.

రోగులూ, తోడు వచ్చినవాళ్ళూ, ఆయాలూ తిరుగుతున్న వరండాలో నేల మీద కూర్చుని ఆబిదా చెక్కింది. అచ్యుతరావు మళ్ళీ గీసిచ్చిన కాయితాన్ని వెల్లకిలా అంటించింది. చుట్టూ ఎవరెవరో నిలబడి చూశారు. "ఆ పిల్లేంటమ్మా, వడ్రంగమా?" అంది ఒకామె. రహంతుల్లా బల్లమీద గోడకి ఆనుకుని, ముందు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. తోక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"ఉలి నిలబెట్టు. వాల్చకు" అన్నాడు.

సాయంత్రానికి కొత్త సీసం పోశారు. పాత గీత మీదే కొత్త గీత పడింది. ఒకే పొట్ట, రెండు తోకలు, ఒకటి చంక వైపు, ఒకటి గుండె వైపు. మిగిలిన పధ్నాలుగు రోజులూ అచ్యుతరావే దగ్గరుండి కరెంటు పెట్టించాడు. చివరి వారంలో గొంతు ఒక పిసరు తేరుకుంది. ఒకనాడు గూట్లో టీపొడి ఎక్కడుందని రహంతుల్లా కేకేస్తే, పక్కింట్లో ఆమినా బీకి వినపడింది. ఆ ఒక్కనాడే.

తరవాత ఆయాసం పట్టుకుంది. తప్పు వైపు తగిలిన కిరణాలకి మంచి ఊపిరితిత్తి వాచిందన్నారు. గడ్డ కూడా పూర్తిగా తగ్గలేదన్నారు. అచ్యుతరావు బందరు వచ్చి ఆయన చాప పక్కన నేలమీద కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆ పదకొండు రోజులు లేకపోతే బతికేవారా అని నువ్వు అడగవు. నాకు తెలీదమ్మా. తెలుసని ఎవరైనా చెప్తే నమ్మకు. పుస్తకంలో మాత్రం జరిగింది జరిగినట్టు రాశాను. నా పేరుతోనే."

తొలి వాన పడిన మూడో రోజు రహంతుల్లా పోయాడు. స్నానం చేయించడానికి మగవాళ్ళు తడిక కట్టారు. కాసేపటికి వీధి చివరి మొయినుద్దీన్ తడి చేతులతో బయటికి వచ్చి, ఆమినా బీని అడిగాడు.

"అన్న రొమ్ము మీద ఏదో పిందెలాంటి గుర్తు ఉందమ్మా. సబ్బుతో రుద్దినా పోవడం లేదు. ఏం చెయ్యమంటారు?"

ఆమినా బీ వెనక్కి తిరిగి చూసింది. తలుపు వెనకనుంచి ఆబిదా చెప్పింది. "అది పోదు. రుద్దకండి. నెప్పి" అంది. నెప్పి అన్నాక, చచ్చిపోయిన మనిషికి నెప్పేమిటని తనకే తోచి, నోటికి ముసుగు అడ్డం పెట్టుకుంది.

నలభై రోజులు దాటాక కోటిలింగం వచ్చాడు. ఈసారి మావయ్యా అని పిలవడానికి ఎవరూ లేక, మెట్టు దగ్గరే చెప్పులు విప్పి నిలబడ్డాడు. చేతిలో చుట్ట చుట్టిన కాయితం ఉంది. పెడనలో విజయలక్ష్మి అని నేతవారి ఆవిడకట. కాయితం మూల అచ్యుతరావు పెన్సిలుతో బాణం గుర్తు వేసి, "గుండె ఇటు" అని రాశాడు.

ఆబిదా వరండాలోకి వచ్చి కాయితం అందుకుంది. దాన్ని ముందు తన రొమ్ముకి ఆనించుకుని, బాణం ఎటుందో చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. తరవాత చాప పరిచి, టేకు ముక్కకి సుద్ద పూసి, ఉలి తీసింది. దాన్ని నూరి పెట్టే మనిషి లేడు గనక తనే నూరుకుంది.

టిక్కుమన్న చప్పుడు గోడ దాటింది. పక్కింట్లో ఆమినా బీ బియ్యం చేట కింద పడేసి, "అన్నా" అంటూ పరుగున వచ్చింది. వరండాలో ఎవరు కూర్చున్నారో చూసి, స్తంభం పట్టుకుని మెట్టుమీదే కూలబడింది. ఆబిదా తలెత్తలేదు. ఉలి వాలకుండా పట్టుకుంది.